ఎక్కిళ్ళ కుక్కరు

బహుళ పాడ్యమి

ఈ దినచర్య కుక్కరుకి చెబుతున్నాను, అది రాసుకుంటుంది. ఇంట్లో తక్కిన యంత్రాలన్నీ ఒకదానికొకటి చాడీలు చెప్పుకునే రకం. ఇది పాతది. దీనికి చెప్పిన మాట దీని కడుపులోనే ఉంటుంది.

నా పేరు మందాకిని. తేలులంకలో వంటింటి యంత్రాల బుర్రలు బాగుచేస్తాను. పేరు విని బయటివాళ్ళు ఇక్కడ తేళ్ళుంటాయనుకుంటారు. గోదారి మీద తేలుతుంది కాబట్టి తేలులంక. పొద్దున్నే లేచి తాళ్ళు బిగించుకోకపోతే మధ్యాహ్నానికి మన ఇల్లు పొరుగువాళ్ళ వాకిట్లో ఉంటుంది. ఇవాళ మా ఇల్లు అక్కడే ఉంది. బిగించే వంతు మా ఆయన త్రిమూర్తులుది. ఆయనగారు అరుగు మీద కూర్చుని బొటనవేలు చూసుకుంటున్నాడు.

వేలి మీద ఆకుపచ్చ సిరా. అంటే నిన్న దిద్దుబాటు కేంద్రానికి వెళ్ళాడన్నమాట. గడిచిపోయినదాంట్లో ఒక తప్పు, మనిషికి ఒక్కటే, వాళ్ళు దిద్దిపెడతారు.

“ఏం దిద్దించుకున్నావు?” అన్నాను.

“ఏమో. దిద్దేశారుగా. జరగని తప్పు గుర్తెలా ఉంటుంది?”

“మరి లాభం ఏంటి?”

“వేలు చూడు, ఎంత పచ్చగా ఉందో” అని తుమ్మాడు.

నేను షాపుకి బయల్దేరబోతున్నాను, అందుకు తుమ్మాడు. ఎవరు ఎటు కదిలినా తుమ్మడం ఆయనకు పుట్టుకతో వచ్చింది. అందుకే తుమ్మూర్తులు అని పిలుస్తాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమే తప్పు, మళ్ళీ అందులో వంకరపేరా అంటుంది మా అత్తయ్య సూరాంబ. ఆవిడ తన భర్త పేరు ఆయన బతికుండగా ఎత్తలేదు, పోయాకా ఎత్తలేదు. మావయ్య పోయేనాటికి మా ఆయన చిన్నపిల్లాడు. తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి కదలాలని అత్తయ్య నియమం. రోజూ ఆ నీళ్ళు తాగే నేను షాపుకి వెళతాను.

ఇవాళ నీళ్ళ చెంబు అందిస్తుంటే అత్తయ్యకి ఎక్కిలి వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఎక్కిళ్ళు వస్తూనే ఉన్నాయి. “ఎవరో తలుచుకుంటున్నారే” అంది. అక్క పేరు చెప్పాం, చెల్లెలి పేరు చెప్పాం, పాలవాడి పేరు కూడా చెప్పాం. ఆగలేదు.

నిన్న మధ్యాహ్నమే మా ఆయన వేలు పచ్చబడింది. ఈ రెండూ నా బుర్రలో పక్కపక్కన కూర్చున్నాయి.

బహుళ తదియ

నా అనుమానం ఇది. కేంద్రం వాళ్ళు ఒక తప్పు దిద్దితే కాలం దారి మారుతుంది. కాగితాలూ ఫోటోలూ జ్ఞాపకాలూ అన్నీ కొత్త దారికి తగ్గట్టు సర్దుకుంటాయి. సర్దుకోనిది అలవాటు ఒక్కటే. చెయ్యి, నాలుక, గొంతు. అత్తయ్య గొంతు పాత దారి సంగతేదో పట్టుకుని వదలడం లేదు.

ఎక్కిళ్ళు వినే సాఫ్ట్‌వేర్ కావాలి. కొత్తది రాయడమెందుకు, కుక్కరులో కూతలు లెక్కపెట్టేది ఉండనే ఉంది. దానికే కూతకీ ఎక్కిలికీ తేడా నేర్పాను. నేర్చుకునేలోపు అత్తయ్యకి మూడు ఎక్కిళ్ళు వస్తే చాలు, “పప్పు ఉడికింది” అని అరిచింది.

“ఉడికింది నేనే” అంది అత్తయ్య.

బహుళ పంచమి

కుక్కరు పనిచేస్తోంది. గోడ మీద వీధి వైపు చెవి పెట్టి కూర్చోబెట్టాను. కేంద్రంలో ఒక దిద్దుబాటు అయిందంటే గంట కొడతారు. గంట మోగిన ప్రతిసారీ లంకలో ఎక్కడో ఒక గొంతుకి ఎక్కిలి పట్టింది, లేదా అన్నం తింటున్నవాళ్ళకి పొలమారింది. ఒక్కసారీ తప్పలేదు. కాలం దారి మారితే కనిపెట్టే యంత్రం ఈ భూమ్మీద నా దగ్గరే ఉందని మా ఆయనతో అన్నాను.

“దాంట్లో అన్నం ఎప్పుడు వండుతావు?” అన్నాడు.

మారిందని తెలిస్తే సరిపోదు, ఏం మారిందో తెలియాలి. తలుచుకునేవాళ్ళ పేరు చెబితే ఎక్కిలి ఆగుతుంది కదా. అందుకని లంకలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ కుక్కరుకి ఎక్కించి అత్తయ్య ముందు చదివించాను. వెంకట సత్యసూర్య నాగలింగేశ్వర ప్రసాదు దగ్గర ఆవిడకి ఎక్కిలితోపాటు ఆవలింత కూడా వచ్చింది.

“ఇంత పొడుగు పేరు ఎవరు తలుచుకుంటారే? తలుచుకునేసరికి తెల్లారిపోదూ?” అంది. “గడపలో పిలిచే పేర్లు పెట్టు. బుజ్జి, పండు, అబ్బులు, చంటి. గొడ్లకీ పేర్లుంటాయి, అవీ పెట్టు.”

నిజమే. ముద్దుపేరు లేని తెలుగువాడు లంకలో ఒక్కడూ లేడు. కాగితంలో పేరు కాగితానికే. ఇంత చదువుకున్న బుర్రకి ఆ మాత్రం తట్టలేదు, నన్ను నేనే తిట్టుకున్నాను.

బహుళ సప్తమి

పొరుగింటి అప్పలకొండకి ఎక్కిళ్ళు. వాళ్ళావిడ బంగారమ్మ వేలు పచ్చగా ఉంది. కుక్కరు పిలుపు పేర్లు చదువుకుంటూ పోయి “ముత్యం” అంది. టక్కున ఆగాయి.

“ముత్యం ఎవరు?” అంది బంగారమ్మ.

“నాకు తెలియదే” అన్నాడు అప్పలకొండ.

“తెలియకపోతే ఎక్కిళ్ళెందుకు ఆగాయి? చెప్పండి, ఎక్కడుంటుంది?”

గొడవ వీధికెక్కింది. చివరికి మా అత్తయ్యే వాళ్ళ పెరట్లోకి వేలు చూపించింది. అక్కడ పనసాకుల గుట్ట. అప్పలకొండ రోజూ సాయంత్రం పనినుంచి వస్తూ ఒక కట్ట పనసాకులు తెస్తాడట. ఎందుకు తెస్తున్నాడో ఆయనకీ తెలియదు, తెచ్చాక ఏం చెయ్యాలో ఈవిడకీ తెలియదు.

ముత్యం మేక. పాత దారిలో వాళ్ళకో మేక ఉంది. బంగారమ్మ దాన్ని కొనకుండా దిద్దించేసింది. మనుషులందరూ ఈ దారిలోకి వచ్చేశారు, ఈవిడ కొనక ఏ కసాయికో పోయిన మేకకి మాత్రం ఇక్కడ చోటు లేదు. తెగిపోయిన దారిలో ఒక్కతే నిలబడి అప్పలకొండని తలుచుకుంటోంది.

వేలి సిరా అమావాస్యకి చెరిగిపోతుంది. ఆలోగా ఏం దిద్దించుకున్నామో మనంతట మనమే చెప్పగలిగితే రద్దు చేస్తారు. ఎవరూ చెప్పలేరు కాబట్టి కేంద్రంలో రద్దు కిటికీకి బూజు పట్టింది. బంగారమ్మ ఇప్పుడు చెప్పగలదు. అదే అన్నాను.

“నేనే దిద్దించానంటే దానికో కారణం ఉండే ఉంటుంది. నా చీరలు తినేసి ఉంటుంది. దిద్దిన నాకు మతి ఉంది కదమ్మా” అంది.

అప్పలకొండ పనసాకుల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. చూడని మేక కోసం ఏడవడమేంటి, సిగ్గులేకుండా.

బహుళ దశమి

అత్తయ్యకి తిండి దిగడం లేదు, నిద్ర లేదు. వైద్యురాలు వచ్చి గుండె అలిసిపోతోందని, ఇలాగే ఉంటే నమ్మకం చెప్పలేనని అంది. మా ఆయన ఆ మాట విన్నప్పటినుంచీ తుమ్మడం కూడా మానేశాడు. ఇల్లంతా ఎక్కిలి చప్పుడే.

బతికున్నవాళ్ళ పిలుపు పేర్లన్నీ అయిపోయాయి. మేకలూ కుక్కలూ కూడా అయిపోయాయి.

బహుళ ఏకాదశి

సాయంత్రం బంగారమ్మ వాళ్ళ అరుగు మీదనుంచి మొగుణ్ణి కేకేసింది. “ఏవండోయ్, కుళాయి కట్టెయ్యండి.”

అత్తయ్య ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

కుక్కరు కూడా బిత్తరపోయినట్టుంది. నేను అత్తయ్య మొహం చూశాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఏవండోయ్. ఏ జాబితాలో ఉంటుంది ఆ పేరు? ఆవిడ జన్మలో ఎత్తని మావయ్య పేరు సర్వేశ్వరరావు. అది ఊరికి పేరు. ఆవిడకి ఆయన పేరు ఏవండోయ్, అంతే.

“పోయినవాళ్ళు తలుచుకోరే” అంది. “ఆయన పోయాక ఇన్నేళ్ళలో ఒక్క ఎక్కిలి రాలేదు నాకు. ఇప్పుడు తలుచుకుంటున్నారంటే...”

“ఎక్కడో బతికున్నారు, అత్తయ్యా.”

మళ్ళీ మొదలయ్యాయి. పేరు చెబితే కాసేపు ఆగుతాయి, మళ్ళీ ఆయన తలుచుకుంటాడు. ఖాళీ ఇంట్లో ఒక్కడూ కూర్చుని సూరాంబా అని పిలుస్తూ ఉండి ఉంటాడు. కాఫీ ఎక్కడుంటుందో కూడా ఆయనకి తెలియదట.

బహుళ ద్వాదశి

మావయ్య ఎలా పోయాడో తేలులంక అంతటికీ తెలుసు. సముద్రం మీద తేలే తుఫాను కాపలా మేడలో ఉద్యోగమొచ్చింది. చేరిన కొన్నాళ్ళకే కుళాయి తిప్పి కట్టడం మరిచిపోయాడు. నీళ్ళు నిండి మేడ ఒక పక్కకి ఒరిగింది. అందరూ పడవల్లోకి దిగిపోయారు. ఈయన కుళాయి కట్టడానికి వెనక్కి వెళ్ళాడు.

“ఆయన బయల్దేరిన రోజు సంగతి చెప్పండి, అత్తయ్యా” అన్నాను.

“అంత మంచి శకునం నా జన్మలో చూడలేదు. ముత్తైదువ ఎదురొచ్చింది. పిల్లి రాలేదు. ఎవరూ తుమ్మలేదు.”

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన ముక్కు పట్టుకుని ఉన్నాడు.

“వచ్చింది” అన్నాడు. “నాన్న గడప దాటుతుంటే తుమ్ము వచ్చింది. ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరో నొక్కేసినట్టు. ఆ తుమ్ము ఇప్పటికీ లోపలే ఉంది, మందాకినీ.”

ఇంక చెప్పేదేముంది. పాత దారిలో మా ఆయన తుమ్మాడు. మావయ్య కూర్చుని నీళ్ళు తాగాడు, పడవ తప్పిపోయింది, ఉద్యోగం పోయింది. ఆయన వెళ్ళకపోతే మేడ ఎందుకు ఒరుగుతుంది? ఒరగలేదు. కాబట్టి తుమ్ము ప్రాణం కాపాడిందని ఎవరికీ తెలియదు. నీ తుమ్ము వల్లే నాన్నకి ఉద్యోగం పోయిందని జీవితమంతా సాధించి ఉంటారు. పాపం, ఆ సాధింపు పడలేకే వెళ్ళి దిద్దించుకుని ఉంటాడు.

“నేనే చంపేశాను” అన్నాడు.

“నోరు ముయ్యి” అన్నాను. “అమావాస్య ఇంకా రాలేదు.”

బహుళ త్రయోదశి

ఒక సంగతి నిన్ననే నాకు తట్టింది, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ అత్తయ్యకీ తట్టింది.

తండ్రి పోయాడు కాబట్టి మా ఆయన చిన్నప్పుడే మా నాన్న షాపులో పనికి కుదిరాడు. అక్కడే ఇద్దరం స్క్రూలు ఎత్తుకుపోయి కొట్టుకునేవాళ్ళం, అక్కడే పెరిగాం, అక్కడే పెళ్ళి మాట పుట్టింది. తండ్రి బతికుంటే ఆ పిల్లాడు మా షాపు గడప ఎందుకు తొక్కుతాడు?

“వద్దే” అంది అత్తయ్య ఎక్కిళ్ళ మధ్యే. “ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి నన్ను ఒక్కసారైనా తలుచుకున్నారో లేదో. ఇప్పుడు తలుచుకుంటున్నారు. చాలు. ఆయన కోసం నిన్ను పోగొట్టుకోనా?”

నేను త్యాగాలు చేసే రకం కాదు. పొరుగువాళ్ళకి పెరుగు తోడివ్వాలన్నా లెక్క చూసుకుంటాను. నాకు భయంగా ఉంది, కుక్కరూ, రాసుకో. కానీ అత్తయ్య చెయ్యి పట్టుకుంటే ఎక్కిలికి ఒళ్ళంతా కదులుతోంది. ఈవిడని ఇలా చూస్తూ నా కాపురం నేను ఎలా చేసుకోను?

“అక్కడ నేను నీకు తెలియను” అన్నాను మా ఆయనతో. “అయినా తలుచుకో.”

“తెలియని మనిషిని ఎలా తలుచుకుంటారు?”

“అప్పలకొండ పనసాకులు తేవడం లేదూ?”

ఆయన చాలాసేపు నా వేళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

అమావాస్య

ఇది కేంద్రంలో రద్దు కిటికీ దగ్గరనుంచి చెబుతున్నాను. గుమాస్తా పేరు చెంచురామయ్య. కిటికీ లోపలి గది కాలంతోపాటు మారదట. లేకపోతే వాళ్ళు పొరపాటున వాళ్ళనే దిద్దేసుకుంటారు.

“అయితే ఇన్నాళ్ళూ మీకు అంతా తెలుసు” అన్నాను.

“తెలుసండి. చెప్పకూడదండి. ఆయ్” అన్నాడు బూజు దులుపుకుంటూ.

మా ఆయన చెప్పాడు, “నా తుమ్ము.”

“అలా అందరూ అంటారండి. చేసి చూపించాలండి.”

పుట్టినప్పటినుంచీ ఆపకుండా తుమ్మిన మనిషికి ఇప్పుడు తుమ్ము రాదు. ముక్కు చిట్లించాడు, సూర్యుణ్ణి చూశాడు, అమావాస్యనాడు సూర్యుడు కూడా మబ్బుల్లో ఉన్నాడు. వేలి మీద సిరా చూస్తుండగానే పాలిపోతోంది. చెంచురామయ్య గడియారం చూశాడు. అప్పుడు అత్తయ్య కొంగు ముడి విప్పింది. ఎండుమిరపకాయలు. “ఏమే, ఆ కుక్కరు ఇలా తే.”

కిటికీ బల్ల మీదే పోపు పెట్టింది. గుమాస్తాలందరూ దగ్గారు, రెండో గదిలో పెద్దాఫీసరు దగ్గాడు, కుక్కరు ఏమనుకుందో “పప్పు ఉడికింది” అంది. మా ఆయన కళ్ళు మూసుకుని, చిన్నప్పటినుంచీ లోపల ఉన్న తుమ్ముని తుమ్మాడు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోయాయి.

“చిరంజీవ” అన్నాడు చెంచురామయ్య. “సరిపోయిందండి.”

ఇప్పుడు మేం ముగ్గురం బయటికి వెళ్ళాలి. గంట కొడతారు. కుక్కరుని లోపలే ఉంచమన్నాను. ఎవరికివ్వాలండీ అన్నాడు. ఎక్కిళ్ళు వచ్చేవాళ్ళకి అన్నాను. నవ్వాపుకున్నాడు. పేర్ల జాబితాలో అన్నిటికంటే పైన ఒక వంకరపేరు ఎక్కించాను.

వెళుతున్నాను. అత్తయ్య నా చెయ్యి వదలడం లేదు.

శుద్ధ పంచమి

ఈ కుక్కరు నాది కాదు. ముందు ఆ సంగతి రాసుకోమని చెబుతున్నాను.

నా పేరు మందాకిని, మా నాన్న షాపులో వంటింటి యంత్రాల బుర్రలు బాగుచేస్తాను. అమావాస్యనుంచి ఎక్కిళ్ళు. నాన్న చుట్టాల పేర్లన్నీ చెప్పాడు, బాకీలున్నవాళ్ళ పేర్లూ చెప్పాడు. ఇవాళ దిద్దుబాటు కేంద్రం గుమాస్తా ఒకాయన దీన్ని బాగుచేయమని తెచ్చాడు. ఏం చెడిందండీ అంటే, చెప్పకూడదండి, ఆయ్, అని వెళ్ళిపోయాడు. నాకు ఎక్కిలి వచ్చింది. కుక్కరు ఒకే ఒక్క పేరు చదివింది. “తుమ్మూర్తులు.”

పేరు విని నవ్వొచ్చింది. నవ్వాక చూసుకుంటే ఎక్కిళ్ళు లేవు.

దీని కడుపులో ఉన్నదంతా విన్నాను. ఆ గొంతు నాదే, ఆ తిట్లూ నావే. ఒక్క ముక్క నాకు గుర్తులేదు. మొదట నమ్మలేదు, రెండోసారి విని ఏడ్చాను, మూడోసారి చీర మార్చుకున్నాను.

వాళ్ళిల్లు లంకకి దక్షిణపు కొసన ఉంది. అటువైపు నాకెప్పుడూ పని పడలేదు. ఆ ఇల్లు తాళ్ళు వదులై పొరుగువాళ్ళ వాకిట్లోకి పోయి ఉంది. అరుగు మీద ఒక పెద్దాయన కాఫీ తాగుతున్నాడు, వెనక కుళాయి కారిపోతోంది. “ఏవండోయ్, ఆ కుళాయి” అని లోపలినుంచి గట్టి గొంతు వినిపించింది. ఆ గొంతుకి ఎక్కిళ్ళు లేవు.

కుక్కర్లు బాగుచేస్తానండీ, ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఇంకేం చెప్పను? వాళ్ళబ్బాయి బయటికొచ్చాడు. పెళ్ళిచూపులకి బయల్దేరిన ప్రతిసారీ వాడే తుమ్మడం వల్ల ఇంకా పెళ్ళి కాలేదని తల్లి పరిచయం చేసింది. అతను నన్ను పరాయి మనిషిని చూసినట్టే చూశాడు.

“తాళ్ళు బిగించుకోవచ్చు కదా” అన్నాను. నోరు ఊరుకోదు.

“బుద్ధి పుట్టడం లేదండి. ఈ మధ్య పొద్దున్నే ఎవరైనా తిడితే బాగుండుననిపిస్తోంది. ఎవరో తెలియడం లేదు” అన్నాడు.

అతనికి ఏమని చెప్పాలి, నువ్వు నా మొగుడివని కుక్కరు చెప్పిందనా? పిచ్చిదనుకుంటారు. బాగుచేయాల్సినవి ఏమీ లేవన్నారు. వస్తానండీ అని లేచాను. గడప దగ్గరికి వెళ్ళాను.

వెనకనుంచి తుమ్ము. చంకలో కుక్కరు “పప్పు ఉడికింది” అంది.

“ఆగమ్మాయ్” అంది ఆవిడ, అప్పటికే చెంబు పట్టుకొచ్చి. “కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు. వీడి తుమ్ము ఊరికే పోదు. మీ మావయ్యకి ఉద్యోగం పోయింది దీంతోనే.”

మీ మావయ్య అంది. ఏమందో ఆవిడకి తెలియలేదు, ఎవరూ పట్టించుకోలేదు. నేను కూర్చుని నీళ్ళు తాగాను.